రాష్ట్రపతి పదవిలో కొనసాగలేని పరిస్థితి వస్తే ఏం జరుగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలకు నేను పాలిటీ చెబుతుంటాను. రాష్ట్రపతి పాఠంలో వాళ్లకు సందేహాలు ఎక్కువగా వచ్చేది ఒక్కచోటే. ఆ కుర్చీలో ఉన్న మనిషి చనిపోతే, మంచాన పడితే, రాజీనామా చేస్తే తర్వాత ఏమిటి? పిల్లలే కాదు, ఇళ్లలో పెద్దవాళ్లూ అడుగుతారు. ఉపరాష్ట్రపతి రాజీనామా చేశారనో, అమెరికా అధ్యక్షుడికి ఒంట్లో బాగోలేదనో వార్త వస్తే ఈ ప్రశ్నలు మళ్లీ మొదలవుతాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను. ఇందులో మన ప్రాంతానికి సొంత సంబంధం కూడా ఉంది. ఈ విషయంలో రాజ్యాంగానికి ఎదురైన అతి పెద్ద పరీక్ష 1969లో వచ్చింది. ఆ పరీక్ష నడిచింది మన పాతపట్నం నుంచి ఒకప్పుడు లోక్‌సభకు గెలిచిన వి.వి.గిరి చుట్టూనే. దాని గురించి కాస్త వివరంగానే చెబుతాను.

రాష్ట్రపతి పదవిలో ఉండగా చనిపోతే ఆ బాధ్యతలు ఎవరు తీసుకుంటారు?

ఉపరాష్ట్రపతి. ఆర్టికల్ 65(1) ఈ విషయం సూటిగా చెబుతుంది. మరణం, రాజీనామా, తొలగింపు, మరే కారణం వల్లనైనా రాష్ట్రపతి పదవి ఖాళీ అయితే, కొత్తవారు ప్రమాణం చేసేదాకా ఉపరాష్ట్రపతి రాష్ట్రపతిగా వ్యవహరిస్తారు. పత్రికలు తాత్కాలిక రాష్ట్రపతి అని రాసేది ఈయన గురించే. ఆర్టికల్ 60 ప్రకారం ఈయన కూడా రాష్ట్రపతి చేసే ప్రమాణమే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎదుట చేయాలి. ప్రధాన న్యాయమూర్తి లేకపోతే అందుబాటులో ఉన్న అందరికన్నా సీనియర్ న్యాయమూర్తి చేయిస్తారు.

మన దేశంలో ఇది రెండుసార్లు జరిగింది. 1969 మే 3న జాకీర్ హుస్సేన్, 1977 ఫిబ్రవరి 11న ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పదవిలో ఉండగానే కన్నుమూశారు. మొదటిసారి వి.వి.గిరి, రెండోసారి బి.డి.జత్తి ఆ బాధ్యతలు తీసుకున్నారు.

మరి ఉపరాష్ట్రపతే మిగిలిన కాలం అంతా ఉండిపోవచ్చు కదా, మళ్లీ ఎన్నిక ఖర్చు ఎందుకు?

కుదరదు. ఆర్టికల్ 62 ప్రకారం, పదవి ఖాళీ అయిన రోజు నుంచి ఆరు నెలల్లోపు కొత్త రాష్ట్రపతిని ఎన్నుకోవాల్సిందే. అలా ఎన్నికైనవారికి మిగిలిపోయిన కాలం మాత్రమే కాదు, పూర్తిగా ఐదేళ్లు ఉంటుంది.

ఎందుకు అనేది ఆలోచించాల్సిన విషయం. ఉపరాష్ట్రపతిని ఎన్నుకునేది పార్లమెంటు సభ్యులు మాత్రమే. రాష్ట్రపతి ఎన్నికలో ఎంపీలతో పాటు అన్ని రాష్ట్రాల ఎమ్మెల్యేలూ ఓటు వేస్తారు. ఢిల్లీ, పుదుచ్చేరి ఎమ్మెల్యేలకూ ఓటుంది. 2022 ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఒక్కొక్కరి ఓటు విలువ 159. అంటే ఇచ్ఛాపురం నుంచి ఎచ్చెర్ల దాకా శ్రీకాకుళం జిల్లాలోని ఎనిమిది మంది ఎమ్మెల్యేల వాటా 1,272. ఉపరాష్ట్రపతి ఎన్నికలో వాళ్లకు ఒక్క ఓటూ లేదు. కాబట్టి ఉపరాష్ట్రపతినే ఏళ్ల తరబడి రాష్ట్రపతిగా కూర్చోబెడితే రాష్ట్రాలు ఎన్నుకోని వ్యక్తి రాష్ట్రాల మీద రాష్ట్రపతి పాలన ఉత్తర్వులు సంతకం చేసే స్థితి వస్తుంది. ఆరు నెలల గడువు వెనక ఉన్న న్యాయం ఇదేనని నేను అనుకుంటాను.

"మా అమ్మాయి అమెరికాలో ఉంది. అక్కడ అధ్యక్షుడు పోతే వైస్ ప్రెసిడెంటే అధ్యక్షుడైపోతాడట కదా మాస్టారూ?"

అవునమ్మా, అక్కడ పద్ధతి వేరు. 1963 నవంబరు 22న కెనెడీని కాల్చి చంపినప్పుడు లిండన్ జాన్సన్ అదే రోజు విమానంలో ప్రమాణం చేసి అధ్యక్షుడైపోయారు. తాత్కాలికం అన్న మాటే లేదు. మిగిలిన పదవీకాలం అంతా ఆయనదే. అక్కడ అధ్యక్షుడిని, ఉపాధ్యక్షుడిని జనం ఒకే జంటగా ఎన్నుకుంటారు కాబట్టి ఇది వాళ్లకు సహజం.

కానీ అమెరికా నుంచి మనం గమనించాల్సింది ఇది కాదు. జబ్బు విషయంలో వాళ్లు ఏం చేశారన్నది చూడాలి. 1919 అక్టోబరులో అధ్యక్షుడు ఉడ్రో విల్సన్‌కు పక్షవాతం వచ్చింది. 1921 మార్చిలో పదవీకాలం ముగిసేదాకా ఆయనే అధ్యక్షుడు. ఆయన్ను ఎవరు కలవాలో, ఏ కాగితం ఆయన దాకా వెళ్లాలో భార్య ఎడిత్ నిర్ణయించారు. దేశానికి అసలు సంగతి చెప్పలేదు. ఇలాంటి అనుభవాలు, చివరికి కెనెడీ హత్య కలిసి 1967 ఫిబ్రవరి 10న 25వ సవరణ అమల్లోకి వచ్చేలా చేశాయి. దాని ప్రకారం, ఆపరేషన్‌కు వెళ్తున్న అధ్యక్షుడు ఒక లేఖ రాసి కొన్ని గంటలు అధికారం అప్పగించవచ్చు. 2021 నవంబరు 19న జో బైడెన్ కొలనోస్కోపీ పరీక్షకు వెళ్తూ కమలా హారిస్‌కు అలాగే అప్పగించారు. అధ్యక్షుడు లేఖ రాసే స్థితిలో లేకపోతే ఉపాధ్యక్షుడు, కేబినెట్‌లో సగానికి పైగా మంది కలిసి రాతపూర్వకంగా ప్రకటించవచ్చు. అధ్యక్షుడు "నేను బాగానే ఉన్నాను" అని అభ్యంతరం చెప్పి, వాళ్లు నాలుగు రోజుల్లో మళ్లీ కాదంటే, ఉభయ సభలు మూడింట రెండు వంతుల ఓట్లతో తేలుస్తాయి. ఈ చివరి మార్గం ఇప్పటిదాకా ఎప్పుడూ వాడలేదు. అయినా మార్గమంటూ ఒకటి ఉంది.

మన రాష్ట్రపతికి జబ్బు చేస్తే?

సర్పంచ్ ఊళ్లో లేనప్పుడు ఉపసర్పంచ్ బాధ్యతలు చూసినట్టే ఇక్కడ కూడా. ఆర్టికల్ 65(2) ప్రకారం, రాష్ట్రపతి దేశంలో లేకపోవడం వల్ల గానీ, అనారోగ్యం వల్ల గానీ, ఇంకే కారణం వల్ల గానీ విధులు నిర్వహించలేకపోతే, ఆయన తిరిగి వచ్చేదాకా ఉపరాష్ట్రపతి ఆ విధులు చూస్తారు. పదవి ఖాళీ కాలేదు కాబట్టి ఇక్కడ ఆరు నెలల గడువు వర్తించదు, ఎన్నిక ఉండదు. రాష్ట్రపతి కోలుకుని వచ్చిన రోజున ఉపరాష్ట్రపతి పక్కకు తప్పుకుంటారు.

దీన్ని మొదట వాడింది రాజేంద్రప్రసాద్ కాలంలో. 1960లో ఆయన సోవియట్ యూనియన్ పర్యటనకు వెళ్లిన పదిహేను రోజులు సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి విధులు నిర్వహించారు. 1961లో రాజేంద్రప్రసాద్ తీవ్రంగా జబ్బుపడ్డారు. అప్పుడు నెలల తరబడి రాధాకృష్ణనే చూశారు. మన వైపు డిగ్రీ చదివిన పెద్దవాళ్లలో చాలామంది పట్టా మీద ఉండేది ఆంధ్ర విశ్వవిద్యాలయం పేరే. 1931 నుంచి 1936 దాకా దానికి వైస్ ఛాన్సలర్ ఈ రాధాకృష్ణనే. 1982 అక్టోబరులో జైల్‌సింగ్ గుండె చికిత్స కోసం అమెరికా వెళ్లినప్పుడు ఉపరాష్ట్రపతి హిదయతుల్లా 6 నుంచి 31వ తేదీ దాకా బాధ్యతలు చూశారు. విదేశీ పర్యటన ప్రతిదానికీ ఇలా అప్పగించడం మాత్రం ఆనవాయితీ కాలేదు.

విధులు నిర్వహించలేరని ఎవరు తేలుస్తారు?

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే ప్రశ్న ఇది. రాజ్యాంగంలో దీనికి జవాబు లేదు.

65(2)ను మళ్లీ చదివి చూడండి. "అనారోగ్యం వల్ల విధులు నిర్వహించలేనప్పుడు" అని ఉంది. ఆ సంగతి డాక్టర్లు చెప్పాలా, కేబినెట్ చెప్పాలా, పార్లమెంటు చెప్పాలా, సుప్రీంకోర్టు చెప్పాలా అన్నది ఎక్కడా లేదు. 1961లో, 1982లో ఇబ్బంది రాలేదంటే కారణం ఒక్కటే. రాష్ట్రపతులు స్పృహలో ఉన్నారు, తమ పరిస్థితి తామే చెప్పగలిగారు, పక్కకు జరగడానికి ఒప్పుకున్నారు.

ఒకవేళ బ్రెయిన్ స్ట్రోక్ వచ్చి కోమాలోకి వెళ్తే? మతిమరుపు వ్యాధి ముదిరి, తనకు జబ్బుందని తనకే తెలియకపోతే? ఆర్టికల్ 74 ప్రకారం మంత్రిమండలి సలహా రాష్ట్రపతికి శిరోధార్యం, కానీ ఆ సలహా తీసుకోవడానికి అవతల మనిషి స్పృహలో ఉండాలి. సుప్రీంకోర్టు అభిప్రాయం అడుగుదామంటే, ఆర్టికల్ 143 కింద అడిగే అధికారం ఉన్నది రాష్ట్రపతికే. దారులన్నీ తిరిగి అదే మంచం దగ్గరికి వస్తున్నాయి.

నిజంగా అలాంటి రోజు వస్తే కేబినెట్ ఒక నిర్ణయం తీసుకుని, ఉపరాష్ట్రపతి ప్రమాణం చేసి, పని నడిచిపోవచ్చు. కోమా లాంటి స్పష్టమైన సందర్భంలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోవచ్చు కూడా. నా భయం స్పష్టంగా లేని సందర్భాల గురించి. హంగ్ పార్లమెంటు వచ్చి, ఎవరిని ప్రధానిగా పిలవాలో రాష్ట్రపతే సొంతంగా ఆలోచించాల్సిన వారంలో "ఆయన ఆరోగ్యం బాగోలేదు" అన్న ప్రచారం మొదలైందనుకోండి. దాన్ని నిజమని తేల్చేవాళ్లూ లేరు, అబద్ధమని తేల్చేవాళ్లూ లేరు. విల్సన్ విషయంలో జరిగినట్టు జబ్బును దాచిపెట్టవచ్చు. లేని జబ్బును అంటగట్టవచ్చు కూడా. రెండింటికీ తలుపు తెరిచే ఉంది.

ఫ్రాన్స్‌లో ప్రభుత్వం అడిగితే రాజ్యాంగ మండలి తేలుస్తుంది. అమెరికా పద్ధతి పైన చెప్పాను. మన దగ్గర కూడా ఏదో ఒకటి ఉండాలి. స్వతంత్ర వైద్యుల బృందం నివేదిక, దాని మీద ఉభయ సభల్లో మూడింట రెండు వంతుల ఆమోదం, రాష్ట్రపతికి లేదా ఆయన తరఫువారికి తమ మాట వినిపించుకునే హక్కు, ఈ మూడూ అందులో ఉండాలని నా అభిప్రాయం. ఆర్టికల్ 70 కింద పార్లమెంటు మామూలు చట్టంతో చేయొచ్చని కొందరు అంటారు. కానీ ఆ ఆర్టికల్ ఉన్నది రాజ్యాంగంలో ఏర్పాటు లేని పరిస్థితుల కోసం. అనారోగ్యానికి 65(2) ఉంది కదా అని రేపు కోర్టులో వాదన రావచ్చు. కాబట్టి రాజ్యాంగ సవరణే గట్టి దారి. గొడవ లేని రోజుల్లో చేస్తేనే దీని మీద పార్టీల మధ్య ఒప్పందం కుదురుతుంది.

పని చేయలేని రాష్ట్రపతిని అభిశంసనతో తొలగించవచ్చు కదా?

వీల్లేదు. ఆర్టికల్ 61 కింద అభిశంసనకు ఒక్కటే కారణం, రాజ్యాంగ ఉల్లంఘన. జబ్బు నేరం కాదు, ఉల్లంఘనా కాదు. విధానం కూడా కఠినమైనదే. ఏదో ఒక సభలో నాలుగో వంతు సభ్యులు సంతకాలు చేసి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ సభ మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఆరోపణను ఆమోదించాలి. రెండో సభ విచారణ జరిపి, అదే మెజారిటీతో నిజమని తేల్చాలి. రాష్ట్రపతి తన వాదన వినిపించుకోవచ్చు, తరఫున ఎవరినైనా పెట్టుకోవచ్చు. ఇప్పటిదాకా ఏ రాష్ట్రపతినీ ఇలా తొలగించలేదు.

రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఇద్దరూ లేకపోతే?

ఇక్కడికి వచ్చాక వి.వి.గిరి గురించి చెప్పుకోవాలి.

వరాహగిరి వెంకటగిరి పుట్టింది 1894లో బరంపురంలో, అప్పటి గంజాం జిల్లా. 1937 మద్రాసు శాసనసభ ఎన్నికల్లో బొబ్బిలి నుంచి కాంగ్రెస్ తరఫున నిలబడి, అంతకుముందు మద్రాసు ప్రధానిగా (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) చేసిన బొబ్బిలి రాజానే ఓడించారు. రాజుగారి సొంత గడ్డ మీద కార్మిక నాయకుడు గెలవడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల వేతనాల తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో మంత్రి పదవి వదిలేశారు. 1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక సీటు జనరల్, ఒకటి గిరిజనులకు రిజర్వు. గిరిజన అభ్యర్థి డిప్పల సూరి దొర జనరల్ సీటులో గెలిచినట్టు ప్రకటించడం మీద గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. కోర్టు సూరి దొర గెలుపునే ఖాయం చేసింది. గిరిజనుడు జనరల్ సీటుకూ అర్హుడేనని ఆ తీర్పు చెప్పింది కాబట్టి మన్యం పిల్లలు దాన్ని తప్పక చదవాలి. ఆ తర్వాత ఆయన మూడు రాష్ట్రాలకు గవర్నర్‌గా చేసి, 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు.

1969 మే 3న జాకీర్ హుస్సేన్ పోయారు, గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. అప్పుడు అందరికీ అర్థమైన విషయం ఏమిటంటే, ఈయనకు కూడా ఏమైనా అయితే తర్వాత ఎవరూ లేరు. రాజ్యాంగం వచ్చి పందొమ్మిదేళ్లు గడిచినా ఆర్టికల్ 70 కింద చట్టమే చేయలేదు. అదే నెల 28న రాష్ట్రపతి విధుల నిర్వహణ చట్టం వచ్చింది. రెండు పదవులూ ఖాళీ అయితే సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ఆయన కూడా లేకపోతే అందుబాటులో ఉన్న అత్యంత సీనియర్ న్యాయమూర్తి రాష్ట్రపతి విధులు నిర్వహించాలని అందులో రాశారు.

రెండు నెలలు తిరక్కుండానే ఆ చట్టం అవసరం పడింది. రాష్ట్రపతి ఎన్నికలో తానే స్వతంత్ర అభ్యర్థిగా నిలబడాలని గిరి నిర్ణయించుకున్నారు. నిజానికి చట్టం ప్రకారం రాజీనామా చేయనక్కర్లేదు. ఉపరాష్ట్రపతిగా ఉండటం ఆ పోటీకి అడ్డు కాదని ఆర్టికల్ 58 చెబుతోంది. అయినా జూలై 20న ఆయన తప్పుకున్నారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా (పైన 1982లో ఉపరాష్ట్రపతిగా చెప్పుకున్నది ఈయన గురించే) రాష్ట్రపతి విధుల్లోకి వచ్చి ఆగస్టు 24 దాకా ఉన్నారు. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ భారత్ వచ్చినప్పుడు ఆతిథ్యం ఇచ్చింది ఈయనే.

ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. కానీ ప్రధాని ఇందిరాగాంధీ, ఎవరి అంతరాత్మ ప్రబోధం మేరకు వాళ్లు ఓటు వేయమన్నారు. ఈ ఎన్నికలో ఓటరు అభ్యర్థులకు 1, 2 అని ప్రాధాన్య క్రమం రాస్తారు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ మెజారిటీ రాలేదు, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక గిరి గెలిచారు. రాష్ట్రపతి ఎన్నిక అలా తేలింది ఆ ఒక్కసారే.

గిరి ఆ రోజు రాజీనామా ఎవరికి ఇచ్చి ఉండాలి?

పిల్లలు పట్టుకున్న మంచి మెలిక ఇది. రాష్ట్రపతి తన రాజీనామాను ఉపరాష్ట్రపతికి ఇవ్వాలి, ఆయన వెంటనే లోక్‌సభ స్పీకర్‌కు తెలియజేయాలి. ఉపరాష్ట్రపతి తన రాజీనామాను రాష్ట్రపతికి ఇవ్వాలి. రాష్ట్రపతిగా వ్యవహరిస్తున్న ఉపరాష్ట్రపతి తప్పుకోవాలంటే రెండు చివరలా తానే ఉన్నాడు. దీనికి నేరుగా జవాబిచ్చే వాక్యం రాజ్యాంగంలో లేదు. ఇప్పటివరకు ఏ రాష్ట్రపతీ రాజీనామా చేయలేదు.

తాత్కాలిక రాష్ట్రపతి పెద్ద నిర్ణయాల మీద సంతకం చేయొచ్చా?

చేయొచ్చు. 65(3) ప్రకారం రాష్ట్రపతికి ఉన్న అన్ని అధికారాలూ, రక్షణలూ, జీతభత్యాలూ ఆయనకు ఉంటాయి. సగం అధికారం అంటూ ఏదీ లేదు.

దీనికి గిరి సంతకమే పెద్ద ఉదాహరణ. 1969 జూలై 19న, తప్పుకోవడానికి ఒక రోజు ముందు, 14 బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సు మీద సంతకం చేశారు. ఆ బ్యాంకుల శాఖలు తర్వాత మన పల్లెల దాకా వచ్చాయి, రైతుకు పంట రుణం ఇచ్చాయి. బ్యాంకు ఉద్యోగుల కోసం మంత్రి పదవి వదులుకున్న మనిషి చేతి మీదుగానే ఇది జరగడం నాకు ఎంతో గౌరవంగా అనిపిస్తుంది.

ఆ ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన చట్టానికి ఆగస్టు 9న ఆమోదం తెలిపింది హిదయతుల్లా. 1970 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పదకొండు మంది న్యాయమూర్తుల బెంచి ఆ చట్టాన్ని కొట్టేసింది. పరిహారం, వివక్ష అందుకు కారణాలు. తాత్కాలిక రాష్ట్రపతి సంతకం అన్నది కారణం కాదు. ప్రభుత్వం వెంటనే మళ్లీ ఆర్డినెన్సు తెచ్చింది. ప్రధాన న్యాయమూర్తి అయినా హిదయతుల్లా ఆ బెంచిలో లేరు. తాను ఆమోదించిన చట్టం మీద తానే తీర్పు చెప్పడం బాగుండదు కదా. ప్రధాన న్యాయమూర్తిని ఆ కుర్చీలో కూర్చోబెట్టడంలో ఉన్న ఇబ్బంది ఇదే. అందుకే ఆ ఏర్పాటు వీలైనంత తక్కువ రోజులే ఉండాలి.

ప్రభుత్వం చెప్పింది తాత్కాలిక రాష్ట్రపతి కాదనగలరా?

రాష్ట్రపతి ఎంతవరకు కాదనగలరో ఈయనా అంతే. 1977 ఏప్రిల్‌లో జనతా ప్రభుత్వం తొమ్మిది రాష్ట్రాల అసెంబ్లీలను రద్దు చేయమని సలహా ఇచ్చింది. జత్తి వెంటనే సంతకం చేయలేదు. దేశమంతా టెన్షన్ పడింది. మర్నాడు, ఏప్రిల్ 30న, సంతకం చేశారు. 42వ సవరణ తర్వాత కేబినెట్ సలహా ప్రకారం నడుచుకోవడం తప్పనిసరి. ఒకసారి పునరాలోచించమని వెనక్కి పంపే వెసులుబాటు 44వ సవరణతో తర్వాత వచ్చింది.

"మా బాబు ఆర్మీలో ఉన్నాడు. రాష్ట్రపతి లేకపోతే సైన్యానికి పైవాడు ఎవరు?"

మన రెండు జిల్లాల్లో జవాన్లు ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఈ ప్రశ్న తరచూ వస్తుంది. త్రివిధ దళాల సర్వోన్నత అధికారం రాష్ట్రపతిదని ఆర్టికల్ 53 చెబుతుంది. ఉపరాష్ట్రపతి గానీ ప్రధాన న్యాయమూర్తి గానీ ఆ బాధ్యత తీసుకుంటే ఈ అధికారం కూడా వాళ్లకే వస్తుంది. రోజువారీ ఆదేశాలు రక్షణ మంత్రిత్వ శాఖ, సైనికాధికారుల వరుసలో ఎప్పటిలాగే నడుస్తాయి. బాబు డ్యూటీలో గానీ జీతంలో గానీ ఏ మార్పూ ఉండదు, బెంగ పెట్టుకోకండి.

పెన్షన్లు, నియామక పత్రాలు రాష్ట్రపతి పేరు మీదే కదా వచ్చేది, అవి ఆగుతాయా?

ఆగవు. రాష్ట్రపతి పేరున వెలువడే ఉత్తర్వుల మీద అధీకృత అధికారులే సంతకాలు పెడతారు, ఆర్టికల్ 77 ప్రకారం. స్వయంగా రాష్ట్రపతి చేతి సంతకం కావాల్సింది బిల్లుల ఆమోదం, ఆర్డినెన్సులు, క్షమాభిక్ష లాంటి వాటికి.

ఆరు నెలల్లో ఎన్నిక పెట్టాలన్నారు. ఆ సమయంలో లోక్‌సభే రద్దయి ఉంటే?

1977లో సరిగ్గా అదే జరిగింది. జనవరిలోనే లోక్‌సభ రద్దయింది, ఫిబ్రవరి 11న ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పోయారు. మార్చిలో సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. కొత్త ప్రధాని మొరార్జీ దేశాయ్ చేత ప్రమాణం చేయించింది జత్తి. జూన్‌లో చాలా రాష్ట్రాల అసెంబ్లీ ఎన్నికలు అయ్యాక నీలం సంజీవరెడ్డి ఏకగ్రీవంగా ఎన్నికై జూలై 25న ప్రమాణం చేశారు. ఎనిమిదేళ్ల క్రితం ఓడిన మనిషికి ఈసారి పోటీయే లేకపోయింది. గడువు ఆగస్టు 11 దాకా ఉంది కాబట్టి సరిపోయింది.

ఏదో ఒక అసెంబ్లీ రద్దయి ఉందని ఎన్నిక ఆపడానికి మాత్రం వీల్లేదు. గుజరాత్ అసెంబ్లీ రద్దయి ఉన్నప్పుడు, 1974లో, ఈ సందేహం వస్తే గడువులోగా ఎన్నిక జరపాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఓటర్లలో ఖాళీలు ఉన్నాయన్న కారణంతో రాష్ట్రపతి ఎన్నికను సవాలు చేయకూడదని ఆర్టికల్ 71(4) కూడా అంటోంది.

ఉపరాష్ట్రపతి పదవి ఖాళీ అయితే?

ఆయన స్థానంలో తాత్కాలికంగా ఎవరూ ఉండరు. రాజ్యసభను డిప్యూటీ చైర్మన్ నడుపుతారు, అంతే. ఎన్నిక వీలైనంత త్వరగా జరపాలని ఆర్టికల్ 68 చెబుతుంది, ఆరు నెలల గడువు ఇక్కడ లేదు. 2002 జూలై 27న కృష్ణకాంత్ పదవిలోనే చనిపోయారు. అంతకుముందు ఆయన మన రాష్ట్రానికి గవర్నర్‌గా పనిచేశారు. 2025 జూలై 21న జగదీప్ ధన్‌ఖడ్ అనారోగ్య కారణాలు చెప్పి రాజీనామా చేశారు. సెప్టెంబరు 9న సి.పి.రాధాకృష్ణన్ ఎన్నికయ్యారు. ఆ మధ్య వారాల్లో రాష్ట్రపతికి ఏమైనా అయి ఉంటే 1969 చట్టం మళ్లీ బయటికి రావాల్సి వచ్చేది.

ముఖ్యమంత్రి, ప్రధాని, గవర్నర్ విషయంలో కూడా ఇదే పద్ధతా?

కాదు, వీటిని కలిపేసుకోవద్దు. ప్రధానికి, ముఖ్యమంత్రికి రాజ్యాంగంలో ఉప పదవి లేదు. డిప్యూటీ సీఎం అన్నది రాజకీయ ఏర్పాటు, ఆ కుర్చీ తనంతట తాను ఆయనకు రాదు. 2009 సెప్టెంబరు 2న వై.ఎస్.రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో పోయినప్పుడు మర్నాడు రోశయ్యను గవర్నర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. అది గవర్నర్ కొత్తగా చేసిన నియామకం. 1984 ఆగస్టులో ఎన్.టి.రామారావు అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన రోజుల్లోనే గవర్నర్ రాంలాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. చెప్పిన కారణం మెజారిటీ లేదని. నెల రోజుల్లో ఎన్టీఆర్ తిరిగి వచ్చారు. నాయకుడు ఆరోగ్యం బాగోలేక పక్కకు వెళ్లిన సమయం ఎంత సున్నితమైనదో ఆ నెల చూసిన మన పెద్దలకు వేరే చెప్పనక్కర్లేదు.

గవర్నర్ విషయం సులువు. ఖాళీ వస్తే రాష్ట్రపతే ఏర్పాటు చేస్తారు, ఆర్టికల్ 160. సాధారణంగా పక్క రాష్ట్రం గవర్నర్‌కు అదనపు బాధ్యత ఇస్తారు.

తాత్కాలికంగా చేసినవారిని రాష్ట్రపతుల లెక్కలో కలుపుతారా?

కలపరు. పరీక్షలో చాలామంది ఇక్కడ మార్కు పోగొట్టుకుంటారు. జాకీర్ హుస్సేన్ మూడో రాష్ట్రపతి, గిరి నాలుగో రాష్ట్రపతి. ఈ నాలుగో సంఖ్య 1969 ఆగస్టు 24న మొదలైన ఆయన సొంత పదవీకాలానిది. అంతకుముందు మే నుంచి జూలై దాకా చేసినది లెక్కలోకి రాదు. హిదయతుల్లా, జత్తి ఆ వరుసలో లేరు. ద్రౌపది ముర్ము పదిహేనో రాష్ట్రపతి. ప్రధాన న్యాయమూర్తి హోదాలో ఒకసారి, ఉపరాష్ట్రపతి హోదాలో ఒకసారి రాష్ట్రపతి విధులు చూసింది ఎవరని అడిగితే మాత్రం హిదయతుల్లా ఒక్కరే, 1969, 1982.